రెండో డిస్కు

మొన్న మీర్‌పేట్‌లో మా చెల్లెలి ఇంటికి వెళ్తే, వాళ్లమ్మాయి లాప్‌టాప్ ముందు కూర్చుని తన ఆఫీసు పనికి డేటాబేస్ తయారుచేస్తూ, ఎంత స్థలం కావాలో ఒక గడిలో నింపి, టీ చల్లారకముందే పనైపోయిందని లేచింది. ఆ స్థలం ఏ డిస్కు మీదుందని అడిగితే, "ఏమో పెద్దమ్మా, ఎక్కడో ఉంటది" అని నవ్వేసింది. నాకు మాత్రం పాత సంగతి గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

మన వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, దిల్‌సుఖ్‌నగర్‌లో ప్రతి మేడ మీదా ఒక కోచింగ్ సెంటర్ ఉండేది. అలాంటి ఒకదాంట్లో నేను డేటాబేస్ పాఠాలు చెప్పేదాన్ని. సమాచారం ఒక డిస్కు మీద, అందులో జరిగే మార్పులను రాసుకునే లాగ్ ఫైళ్లు ఇంకో డిస్కు మీద ఉంచాలనీ, ఒకటి పాడైతే రెండోది ఆదుకుంటుందనీ బోర్డు మీద రెండు డబ్బాలు గీసి ఎంతో ధీమాగా చెప్పేదాన్ని గానీ, డిస్కు అనేదాన్ని కళ్లతో చూసి ఎరగను.

నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి ఎల్బీ నగర్‌లో పోచంపల్లి చీరలు టోకున అమ్మే పెద్దాయన దగ్గర ఉద్యోగంలో చేరి, అక్కడి కొత్త కంప్యూటర్లో డేటాబేస్ పెట్టడానికి నన్నే పిలిపించింది. మా మేడమ్‌కు తెలియనిది లేదని ముందే చెప్పి ఉంచింది పాపం. తెర మీద డి, ఇ అని రెండు డ్రైవులు కనబడగానే రెండు డిస్కులున్నాయనుకుని, సమాచారం ఒకదాంట్లో, లాగ్ ఇంకోదాంట్లో పెట్టి, ఒక డిస్కు పాడైనా రెండోది ఉంటుంది, ఇక భయం లేదన్నాను. ఆయన ముచ్చటపడి, తన సరుకు వివరాలు ఉండే చోటు చూస్తానని కంప్యూటర్ మూత తీయించాడు. వైర్ల మధ్య డిస్కు ఒక్కటే ఉంది.

"రెండోది ఏది మేడమ్?" అని పెద్దాయన అడిగాడు.

ఒక్క డిస్కునే రెండు భాగాలు చేసి రెండు పేర్లు పెట్టారని నాకు అప్పుడే అర్థమైంది. ఆ అమ్మాయి గబుక్కున, "నేను కనుక్కుంటనో లేదో అని మేడమ్ పరీక్ష పెట్టిన్రు సార్" అంది. నా పరువు కాపాడటానికి ఆమె ఆడిన ఆ అబద్ధమే నన్ను నిలువునా కోసేసింది.

"లేదు సార్, నాకే తెల్వదు. డిస్కును ఇప్పుడే చూస్తున్న" అన్నాను.

ఆయన మూత పక్కన పెట్టి, "అయితే ఇంకోటి తెప్పిస్త. గప్పుడు మంచిగ పెట్టున్రి" అన్నాడు. కసురుకున్నా బాగుండేది. కొత్త డిస్కు వచ్చాక ఆ అమ్మాయి దాన్ని నా చేతికే ఇస్తే, నేనే బిగించి, లాగ్ ఫైళ్లను దాని మీదికి మార్చాను.

ఇప్పుడు ఇంటర్నెట్‌లో అద్దెకు తీసుకునే డిస్కులు ఏ ఊళ్లో ఉంటాయో పని చేసేవాళ్లకే తెలియదు, మూత తీసి చూపించమని అడిగేవాళ్లూ లేరు. నాలాంటి వాళ్లకు సిగ్గుపడే అవసరమే తప్పిపోయింది. అది సుఖమే కావచ్చు. కానీ ఇప్పుడు జుట్టు నెరిసిన ఆనాటి నా శిష్యురాలు బజార్లో ఎదురైనప్పుడల్లా, పక్కనున్నవాళ్లకు "మా మేడమ్" అని గొప్పగా చెబుతుంటే, నేను నేటికీ తలెత్తి ఆమె ముఖం చూడలేను.