బాయిలర్ గోడ ఇల్లు

మా పెదనాన్న మగ్గాల షెడ్డులో ఫోర్‌మన్. ఆయన చనిపోయిన వారానికే మిల్లువాళ్ళు పెద్దమ్మ చేత ఇల్లు ఖాళీ చేయించారు. కొత్త ఫోర్‌మన్‌కు కావాలట. ఆమె నూలు చుట్టే పనిలో చేరాక, బాయిలర్ గదిని ఆనించి కట్టిన చివరి వరసలో ఒక్క గది ఇచ్చారు.

మా మిల్లు కాలనీ ప్లాను గీసినవాడికి మనుషులు కాదు, హోదాలు కనిపించాయి. మేనేజరుకు గుట్ట మీద బంగళా, ఫోర్‌మన్లకు వరండాలు, మిగతావాళ్ళకు వీపూ వీపూ ఆనించుకున్న ఇళ్ళు. వాటికి వెనక కిటికీ కూడా లేదు; చివరి వరసకైతే వెనక బాయిలర్ గదే. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పెద్దమ్మ మాత్రం, వెనక గోడ చలికాలంలోనూ వెచ్చగా ఉంటుందని మొదటిరోజే కనిపెట్టింది. వరసలోని పసిపిల్లల బట్టలన్నీ అక్కడే ఆరేవి. ఎండాకాలంలో అందరూ కలిసి ఆ గోడను తిట్టేవాళ్ళు. మా ఇరుకింట్లో పుస్తకం తెరిచే చోటు లేక చిరాకుగా తిరుగుతున్న నన్ను పిలిచి, "లోకాన్ని తిట్టడం అయ్యాక ఇక్కడ కూర్చుని చదువుకో నాయనా" అంది. నేను చదివిందంతా ఆ గోడకు వీపు ఆనించి చదివిందే. ఏ బడీ నాకు అంత మేలు చేయలేదు.

మిల్లు మూతపడ్డాక మొన్న పెద్దమ్మను చూడబోయాను. గోడ మీద చెయ్యి పెట్టి, "చల్లబడిపోయింది పెద్దమ్మా" అన్నాను.

"ఎవరూ ఆనుకోకపోతే చల్లబడదా మరి? పుస్తకం తెచ్చావుగా, కూర్చో" అంది.