కాజాలక్కలోని కుక్క

భోజనాల వేళ కటింగ్ మాస్టరు జారవిడిచిన బన్ను ముక్కను కాజాలక్క చెయ్యి పెట్టకుండా నేల మీంచి నేరుగా నోటితో అందుకుంది. ముక్కకు పచ్చదారం అంటుకుని ఉండటం తప్ప మరే ఇబ్బందీ కలగలేదు.

ఆ కుట్టుపని షెడ్డులో చొక్కాలకు కాజాలు కుట్టేది ఆమే కాబట్టి ఆ పేరు. నలభై దాటిన మనిషి. తనలో ముగ్గురున్నారని పనిలో చేరినప్పుడే చెప్పుకుంది, తర్వాత ఎవరూ హడలిపోకూడదని. ఒకరు తను. ఇంకొకరు ఒక తాత; గట్టిగా మాట్లాడాల్సి వస్తే ఆయన వస్తాడు. మూడోది కుక్క.

"కరుస్తుందా అక్కా?" అన్నాడు ఇస్త్రీ అతను.

"ఛ, పాపం! దానికి మనుషులంటే ప్రాణం. మా ముగ్గురిలో ఆ గుణం దానికొక్కదానికే ఉంది. కత్తెర టకటకలాడిస్తే చాలు, వచ్చేస్తుంది. కాస్త ప్రేమగా పిలవండి, అంతే."

ప్రేమగా పిలుస్తారని ఎందుకనుకుందో! షెడ్డుకు మంచి కాలక్షేపం దొరికింది. మాస్టరు కత్తెర ఆడించగానే ఆమె చూపు మారిపోయేది. కుర్చీ దిగి, బల్లల మధ్య నుంచి మోకాళ్ల మీద అతని దగ్గరికే పరుగు. "కూర్చో" అంటే కూర్చునేది. "చెయ్యివ్వు" అంటే ఇచ్చేది. అందరూ కడుపు చెక్కలయ్యేలా నవ్వేవారు. తర్వాత కాజాలక్క తనలోకి తాను వచ్చి, నాలుక మీది దారప్పోగు తీసుకుని, మోకాళ్లు దులుపుకునేది.

"మాస్టారూ, దాన్ని ఆడించకండి. వెళ్లొద్దన్నా వినదు. మీరంటే పిచ్చి దానికి," అని బతిమాలింది.

"నేనేం చేశానమ్మా? మేపుతున్నానుగా!"

తాత కూడా వచ్చి ఓసారి గట్టిగా చెప్పి చూశాడు. "అబ్బో, పెద్దాయన దిగారు, కుర్చీ వెయ్యండ్రా!" అన్నారు.

ఒకరోజు యజమాని బావమరిది వచ్చాడు. ఆయనకీ వింత చూపించాలని యజమానే సైగ చేశాడు. కత్తెర మోగింది, కుక్క వచ్చింది. ఆనందం పట్టలేక మాస్టరు తొడ మీద తల పెట్టేసింది. జుట్టుకున్న సుద్దపొడి కాస్తా కొత్త ప్యాంటుకు అంటింది. అతను బూటుకాలితో డొక్కలో తన్నాడు. అదీ ఆటేననుకుని కుక్క మళ్లీ వచ్చింది. మళ్లీ తన్నాడు. నవ్వాగక బావమరిదికి పొలమారితే మాత్రం మంచినీళ్లు పరుగున తెచ్చారు.

కాజాలక్క డొక్క పట్టుకుని లేచి, మిగిలిన చొక్కాలు పూర్తి చేసి ఇంటికెళ్లింది.

మర్నాడు బావమరిది పెళ్లాంపిల్లల్ని వెంటబెట్టుకొచ్చాడు. మాస్టరు కత్తెర ఆడించాడు. బన్ను విసిరాడు, ఈసారి జామ్ రాసింది. ఆమె తలెత్తలేదు. పిల్లలు కుక్క కావాలని పేచీ మొదలెట్టారు.

యజమాని మొహం మాడ్చుకుని వచ్చాడు. "ఏమ్మా, చుట్టాల ముందు పరువు తీశావు కదా! ఇన్నాళ్లూ పిలవగానే పరిగెత్తుకొచ్చేదానికి ఇవాళేం రోగం?"

ఆమె దారం పంటితో కొరికింది.

"రాత్రి పోయిందండీ, పోయేదాకా మాస్టరుగారు పిలుస్తారేమోనని గుమ్మం వైపే చూసింది."