నమ్దా మీద నంబరు

ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చున్న రోజుల్లో మా పెద్దమ్మ ఫోన్ చేసి, "ఏం చేస్తున్నావే, గుడ్డిగుర్రాల పళ్ళు తోముతున్నావా?" అని అడిగింది. పనీపాటా లేనివాళ్ళని మావైపు అలాగే పలకరిస్తారు.

"పళ్ళు కాదు పెద్దమ్మా, ఒళ్ళు తోముతున్నాను. గుర్రానికి కళ్ళు కూడా బాగానే ఉన్నాయి," అన్నాను.

వెటకారం చేస్తున్నానని అలిగి ఫోన్ పెట్టేసింది. నేను ఉన్నమాటే చెప్పాను. తెల్లాపూర్ దాటాక, అపార్ట్‌మెంట్లు ఇంకా రాని ఒక జాగాలో, గుర్రపుస్వారీ నేర్పే చిన్న బడి ఒకటుంది. పొద్దున్నే అక్కడికి పోయి ఒక గోధుమరంగు ఆడగుర్రాన్ని బ్రష్షుతో తోమి, దానిమీద ఎక్కి తిరిగి, ఇంటికి వచ్చి ఉప్మా చేసేదాన్ని. ఆరోజుల్లో నేను చేసే పని అదొక్కటే.

అంతకుముందు మాదాపూర్‌లో ఒక ఆఫీసులో టెస్టర్‌ని. ఎవరో రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టుకోవడం నా ఉద్యోగం. ఇంట్లో కూడా తప్పులే పడతానని మావారి ఫిర్యాదు. ఒకరోజు మీటింగ్‌కి పిలిచి, మంచినీళ్ళిచ్చి, ఎంతో మర్యాదగా ఇక నా అవసరం లేదన్నారు. మెడలో ట్యాగు తీసి సెక్యూరిటీ బల్లమీద పెట్టి వచ్చేశాను. ఆ తర్వాత చాన్నాళ్ళు గుమ్మం దాటేటప్పుడల్లా చెయ్యి మెడమీదికి పోయేది. ట్యాగు మర్చిపోయానేమోనని గుండె ఝల్లుమనేది. లేదని గుర్తొచ్చాక ఇంకా ఝల్లుమనేది.

నన్నలా చూడలేక మావారు ఒక ఆదివారం కారెక్కించి ఆ గుర్రాల బడికి తీసుకెళ్ళారు. చిన్నప్పుడు గుర్రమెక్కాలని ఉండేదని నేనెప్పుడో అన్నానట. అన్న సంగతి నాకే గుర్తులేదు. ఆయనకి గుర్రాలంటే చచ్చేంత భయం. అద్దాలు పైకెత్తుకుని కార్లోనే కూర్చుని, "వెళ్ళు, వెళ్ళు" అని చేత్తో సైగ చేశారు.

ఆ గుర్రం రేసుల్లో పరిగెత్తి, వయసు మీరిందని అక్కణ్ణించి పంపించేస్తే ఇక్కడికి వచ్చిందట. ఇద్దరం ఒకే బాపతు. మోకాళ్ళ నొప్పులతో నేను దానిమీదికి ఎక్కడానికి పడిన పాట్లు చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. అది మాత్రం నేను సరిగా కూర్చునేదాకా కదల్లేదు. దిగాక దాని మెడమీద తల పెట్టుకుంటే ఎందుకో ఏడుపొచ్చింది. అప్పుడూ కదల్లేదు. నాకు ఓదార్పు మాటలు చెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళందరికీ దణ్ణం. కానీ నన్ను మళ్ళీ మనిషిని చేసింది ఆ గుర్రమే.

బడి నడిపే సార్ ఒకప్పుడు పోలీసు గుర్రాల దగ్గర పనిచేసి రిటైరైన శంకర్‌పల్లి మనిషి. గుర్రాల పేర్లు, వాటి తల్లుల పేర్లు కూడా నోటికి వచ్చు. మనుషుల పేర్లే గుర్తుండవు. అందుకని ఆ బడిలో ఒక పద్ధతి పెట్టుకున్నారు. చేరినవాళ్ళకి ఒక నంబరిస్తారు. ఆరోజు ఏ గుర్రం ఎక్కితే ఆ గుర్రానికి వాళ్ళ నంబరు తగిలించాలి. గుర్రం వీపు ఒరుసుకోకుండా జీను కింద వేసే మందపాటి గుడ్డని అక్కడ నమ్దా అంటారు. నంబరు దానికే, మన కాలి వెనకాల. "పద్నాలుగు, మడమలు కిందికి!" అని సార్ మైదానం మధ్యలోంచి కేకేస్తే, ఆ పద్నాలుగు నేను.

గుర్రాలు తక్కువ, నేర్చుకునేవాళ్ళు ఎక్కువ. గచ్చిబౌలి పిల్లలందరూ అక్కడే. ఒక బ్యాచి దిగగానే ఇంకో బ్యాచి ఎక్కాలి, నంబర్లు మార్చాలి. మొదట్లో పిన్నీసులతో గుచ్చేవారు. నమ్దాలు చిరిగిపోతున్నాయని, వేళ్ళకి గుచ్చుకుంటున్నాయని సార్ ఇంటర్నెట్‌లో చూసి వెల్‌క్రో పట్టీల నంబర్లు తెప్పించారు. ఇలా అంటిస్తే అంటుకుంటుంది, అలా లాగితే వచ్చేస్తుంది. అందరికీ నచ్చింది.

మా గుర్రానికి చెడ్డపేరు వచ్చింది ఆ తర్వాతే. మొదటి బ్యాచిలో దేవతలా ఉంటుంది, రెండో మనిషిని మాత్రం ఎక్కనివ్వదు. ఒక కుర్రాడు రికాబులో కాలు పెడుతుండగా పక్కకి గెంతింది, వాడు కిందపడ్డాడు. ఇంకోరోజు ఒకమ్మాయి మోచెయ్యి దోక్కుపోయింది. తల్లిదండ్రులు గొడవ చేశారు. చెయ్యరా మరి, నేనైనా చేస్తాను. నాకు పొద్దున మొదటి బ్యాచే కావాలి కాబట్టి ఇదేదీ నేను కళ్ళారా చూడలేదు. నేను దిగి ఇంటికెళ్ళాక జరిగేవి ఇవన్నీ.

ఒకరోజు జీను విప్పుతుంటే సార్ వచ్చి పక్కన నిలబడ్డారు.

"ఇగ దీన్ని ఉంచలేను మేడం," అన్నారు. "రెండో మనిషిని ఎక్కనిస్తలేదు. ఎవరికన్న పెద్ద దెబ్బ తాకితే బడి మూసుకునుడే. పెండ్లి బ్యాండాయనకు చెప్పిన. ఆదివారం మన పోటీలు అయినంక సాయంత్రం వచ్చి తోల్కపోతడు."

పెళ్ళి ఊరేగింపుల్లో బరాత్ గుర్రం. చుట్టూ బ్యాండు, డీజే, టపాసులు. చెవి పక్కన ఈగ వాలితే ఒళ్ళంతా వణికే జీవం అది. సార్ నావైపు చూడకుండా దాని జూలు సర్దుతున్నారు. ఆయనకి మాత్రం ఇష్టమా.

ఇంటికెళ్ళి ఆ కోపమంతా మావారిమీద, గిన్నెలమీద చూపించాను. మర్నాడు బడికి పోతూ దారంతా ఆలోచిస్తూ, కార్లో తీసెయ్యాల్సిన మణికట్టు పట్టీ తీయడం మర్చిపోయాను. ఏళ్ళ తరబడి మౌసు పట్టుకుని పట్టుకుని నా కుడి మణికట్టు పాడైంది. మాదాపూర్‌లో సగంమందికి ఉన్న జబ్బే. గుర్రం పక్కన నిలబడి ఆ వెల్‌క్రో పట్టీని పర్రుమని లాగాను.

గుర్రం గాల్లోకి లేచింది. తాడు తెంపుకునేంత పని చేసింది. అంత మంచి గుర్రం కళ్ళల్లో తెల్లగుడ్లు కనిపించాయి.

నేను చేతిలో పట్టీ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అది కాస్త నెమ్మదించాక, దూరం జరిగి, మళ్ళీ అంటించి, మెల్లగా కొంచెం లాగాను. చెవులు వెనక్కి వాల్చింది. ఊరికే చెయ్యి ఊపాను, ఏమీ అనలేదు. కాయితం నలిపాను, ఏమీ అనలేదు. పట్టీ లాగాను, మళ్ళీ అదే వణుకు. చాలు. ఇన్నేళ్ళూ నేను చేసిన పని ఇదే కదా, ఏం చేస్తే చెడుతుందో అదొక్కటే పట్టుకోవడం. దానికి రెండో మనిషి అంటే భయం కాదు. మొదటి మనిషి దిగాక, రెండో మనిషి ఎక్కబోయే ముందు, డొక్క పక్కన పర్రుమనే చప్పుడుకి భయం. నంబరు అంటించేటప్పుడు చప్పుడుండదు, పీకేటప్పుడే ఉంటుంది. పాపం, పట్టీ చేసిన పనికి గుర్రానికి శిక్ష.

సార్ దగ్గరికి పరిగెత్తాను. ఆయన విన్నారు, ఒకసారి నాచేత పట్టీ లాగించి చూశారు, గడ్డం గోక్కున్నారు.

"గింత సప్పుడుకే గంత పరేషాన్ అయితదా? మిగతా గుర్రాలు అయితలేవు గద," అన్నారు. "అయితే అయితుండచ్చు. కానీ మేడం, మీ ఒక్కరి మాట మీద నేను పిల్లలను ఎక్కియ్యలేను."

"పిల్లలు వద్దు సార్. పోటీల్లో రెండో మనిషిగా నేనెక్కుతాను. నంబరు నా పద్ధతిలో మార్చనివ్వండి, అంతే."

ఆయన గుర్రం డొక్క తట్టారు. "సరే. అందరి ముంగట నిలవడితే ఉంటది. లేదంటే బ్యాండాయన ఎట్లయినా వస్తడు."

ఆ రాత్రి మావారు తన సర్టిఫికెట్ల జిరాక్సులు దాచుకున్న దుప్పటి కవరు కోసం వెతుక్కున్నారు. కొత్త దుప్పట్లు వచ్చే మందపాటి ప్లాస్టిక్ కవర్లు ఏ ఇల్లాలూ పారెయ్యదు, మా ఇంట్లో అవే బీరువాలు. జిరాక్సులు మంచంమీద ఉన్నాయి, కవరు నా కత్తెర కింద ఉంది.

"ఉద్యోగం కోసం కూడా ఇంత కష్టపడలేదు నువ్వు," అన్నారు.

"ఉద్యోగం నాకోసం నిలబడలేదండి," అన్నాను. ఆయన టీ పెట్టి తెచ్చిచ్చారు.

నమ్దాకి ఆ ప్లాస్టిక్‌ని జేబులా కుట్టి, నంబరు అట్టని అందులోకి జారవిడవాలని నా ఆలోచన. మిషన్ మీద పెడితే ఆ మందానికి సూది విరిగింది. దబ్బనంతో చేత్తోనే కుట్టాను. మర్నాడు గుర్రానికి వేసి చిన్న పరుగులో తిప్పితే అట్ట ఎగిరి బురదలో పడింది. జేబుకి మూత కావాలి, ఆ మూతకి చప్పుడు లేని తాళం కావాలి. టిచ్ బటన్లు టక్కుమంటాయి. జిప్పు జుర్రుమంటుంది. ఇంటికొచ్చి బట్టలు మార్చుకుంటూ జాకెట్టు విప్పుతుంటే నవ్వొచ్చింది. హుక్కులు, కాజాలు. మా అమ్మమ్మల కాలం నుంచి ఒంటిమీదే ఉన్నాయి, ఏనాడైనా చప్పుడు చేశాయా?

మూతకి జాకెట్ హుక్కులు, జేబుకి దారంతో కాజాలు. కాజా కుట్టడం మా అమ్మ నేర్పినప్పుడు విసుక్కునేదాన్ని. అమ్మా, నీకు వెయ్యి దణ్ణాలు. గుర్రం కళ్ళలోకి చూస్తూ ఒంటిచేత్తో, తడుముకుంటూ హుక్కు తియ్యడం, పెట్టడం ఆదివారం దాకా సాధన చేశాను. అది మేత నములుతూ ఉండేది. దాని బతుకు నా వేళ్ళమీద ఉందని దానికి తెలియదు.

ఆదివారం మైదానం నిండా జనం, మైకు, పిల్లల కేకలు. బ్యాండాయన ముందే వచ్చేసి తన బండికి ఆనుకుని నిలబడ్డాడు. చెడ్డమనిషేం కాదు. వచ్చీ రాగానే గుర్రం మెడ నిమిరి, "మంచిగున్నది," అన్నాడు.

మొదట ఒక స్కూలమ్మాయి ఎక్కి చక్కగా తిరిగొచ్చి దిగింది. చుట్టూ ఉన్నవాళ్ళు నాలుగడుగులు వెనక్కి జరిగారు. రెండో మనిషి వంతంటే అందరికీ తెలుసు మరి. నేను ముందుకి వెళ్ళాను. హుక్కు తీశాను, పాత అట్ట పైకి లాగాను, నా పద్నాలుగుని జారవిడిచాను, మళ్ళీ హుక్కులు పెట్టాను. దాని చర్మం వణుకుతుందేమోనని చూస్తూనే ఉన్నాను. రికాబులో కాలు పెట్టాను. మోకాలు కటుక్కుమంది. ఆ మైదానంలో వినిపించిన చప్పుడు అదొక్కటేనేమో అనిపించింది.

గుర్రం చెవులు రెండూ ముందుకి పెట్టి, తోక ఒకసారి ఊపి, నేను కూర్చునేదాకా నిలబడింది. మొదటిరోజు నిలబడ్డట్టే.

మైకులో సార్ గొంతు వినిపించింది. "పద్నాలుగు, మడమలు కిందికి!" నేను మడమలు దించాను. పోటీలో అందరికన్నా వెనకాల వచ్చాను. దిగేసరికి సార్ బ్యాండాయనకి ఛాయ్ ఇప్పించి, భుజంమీద చెయ్యేసి గేటు దాకా సాగనంపుతున్నారు. ఖాళీ బండి మట్టి రోడ్డెక్కి వెళ్ళిపోయేదాకా నేను నమ్దా విప్పలేదు. సార్ వెనక్కి వచ్చి, జేబు మూతని వేలితో ఎత్తి చూసి, "మిగతా నమ్దాలకు సుత కుట్టిస్తరా మేడం?" అన్నారు. కుడతానన్నాను. ఆ మాటకి ఆయనకి ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియక నమస్కారం పెట్టాను. ఆయన కంగారుపడి తిరిగి పెట్టారు.

మావారితో కార్లో ఇంటికి వస్తుంటే నల్లగండ్ల దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. బరాత్. లైట్లు, డీజే, దుమ్ము. మధ్యలో జరీ నమ్దా వేసుకుని ఒక తెల్లగుర్రం, మీద పెళ్ళికొడుకు. టపాసు పేలినప్పుడల్లా దాని చెవులు వెనక్కి వాలుతున్నాయి. మాది కాదు. మాది కాదని తెలిసి కూడా చూపు తిప్పుకోలేకపోయాను. గుంపు కారు పక్కనుంచి కదులుతుంటే మావారు తనవైపు అద్దం దించారు. ఇన్నాళ్ళలో గుర్రం దగ్గర ఆయన అద్దం దించడం నేను చూడలేదు.

"నీ సంచిలో బెల్లం ఉందా?" అన్నారు.

ఉంది. పోటీ అయ్యాక పెడదామని తీసుకెళ్ళి, ఆ సంతోషంలో పెట్టడం మర్చిపోయాను. ఇచ్చాను. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని చెయ్యి బయటికి చాపారు. తెల్లగుర్రం తల వంచి ఆయన అరచేతిలోంచి బెల్లం అందుకుంది.

"నీ గుర్రానికని తెచ్చావు కదా, అయిపోయిందే," అన్నారు, తడి చేతిని చొక్కాకి తుడుచుకుంటూ.

"దానికి రేపు పెడతానండి," అన్నాను. ఆ మాట అన్నాక, అది నిజమని తెలిసి, కార్లో కూర్చుని ఏడ్చాను.