చెంప మీది పుట్టుమచ్చ

అశోక్‌నగర్‌లో నాదొక చిన్న ఫొటో స్టూడియో. ఫొటోలు దిద్దడానికి ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరే వాడతాను. పోయినేడు అందులో ప్లగిన్ అనే ఒక అదనపు హంగు వేసుకున్నాను. ఒక్క క్లిక్‌తో ముఖం నున్నగా అయిపోయేది. మురిసిపోయి, పరీక్షల దరఖాస్తు ఫొటోలన్నిటికీ అదే వాడేశాను.

ఒక సాయంత్రం అనిత వచ్చింది. కోచింగ్ కోసం మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన అమ్మాయి. పరీక్ష రాసి నేరుగా నా దగ్గరికే వచ్చింది.

"అక్కా, ఈ హాల్‌టికెట్ ఫొటోల నా చెంప మీది పుట్టుమచ్చ ఏది? పదో తరగతి మెమోల అదే గుర్తు. ఫొటోల మచ్చ లేదని గేటు కాడ ఆపిండ్రు. పరీక్ష పోతదని మస్తు ఏడ్చిన."

చివరి నిమిషంలో ఆధార్ చూసి లోపలికి పంపారట. ముఖం నున్నగా చేస్తూ ఆ ప్లగిన్ మచ్చను కూడా తుడిచేసిందని అప్పుడు తెలిసింది. ఇక తిట్లేననుకున్నాను.

"మా హాస్టల్ల ఇంకో నలుగురు నీ దగ్గర్నే ఫొటో దిగిండ్రు. వచ్చే పరీక్షకు వాళ్లింకా అప్లై చెయ్యలే. రేపు తోల్కొస్త, మచ్చలు పోకుండ మళ్ల దియ్యి," అంది.

అన్నట్టే నలుగురినీ తీసుకొచ్చింది. అంత ఏడ్చిన పిల్ల మళ్లీ నన్నే నమ్మింది! ఆ మేలు మరవలేను.

ఇప్పుడు కెమెరా పట్టుకునే ముందే "పుట్టుమచ్చలు ఎక్కడున్నాయి?" అని అడుగుతాను. జాతకం చెబుతాననుకుని కొందరు చెయ్యి చాపుతారు. నవ్వి, వాళ్లకు అనిత సంగతి చెబుతాను.