నాయిన తోలిన గుర్రం

మొన్న మిక్సీ కొందామని దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పెద్ద షాపుకు వెళ్ళాను. మిక్సీలు మూడో అంతస్తులో ఉన్నాయి, టీవీలన్నీ దాటుకుని పోవాలి. గోడంత టీవీ ఒకదాంట్లో ఎవరో వీడియో గేమ్ పెట్టి వదిలేశారు. మంచు కొండలు, వాటి కింద మట్టి రోడ్డు, రోడ్డు మీద గుర్రం, గుర్రం మీద మనకు వీపు పెట్టి కూర్చున్న మనిషి. ఆడించేవాళ్ళు లేక ఆ గుర్రం నిలబడ్డ చోటే తోక ఊపుతోంది. "ఇందులో ఎటు పోవాలంటే అటు పోవచ్చు మేడం, అడ్డమే ఉండదు" అంది అక్కడ అమ్మే అమ్మాయి. నేను మిక్సీ చూడకుండానే మెట్లు దిగి వచ్చేశాను. ఇంట్లో అడిగితే రేటు ఎక్కువ చెప్పారని అబద్ధమాడాను.

మా నాయిన సిటీ బస్సు డ్రైవరు. నల్గొండ దిక్కు పల్లె నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో కిరాయి ఇంట్లో దిగి, ఇరవై రెండేళ్ళ పాటు అదే రోడ్డు మీద అటూ ఇటూ బస్సు తోలాడు. ఇంట్లో కూర్చున్నా ఆయన కుడికాలు ఊరికే ఉండేది కాదు. అమ్మ కంచం పెట్టడం ఆలస్యమైతే ఆ కాలు నేల మీద యాక్సిలేటర్ తొక్కేది. దిల్‌సుఖ్‌నగర్ స్టాపు పక్క టీ కొట్టు దగ్గర డ్రైవర్లకు ఒక పందెం ఉండేది. చైతన్యపురి వైపు నుంచి వచ్చే బస్సు బోర్డును అందరికన్నా ముందు ఎవరు చదివితే వాళ్ళకు మిగతావాళ్ళు టీ తాగించాలి. నాయిన సొంత పైసలతో టీ తాగిన రోజు ఉందో లేదో నాకు అనుమానమే. బోర్డు మీద అంకె ఇంకా మసకగా, చుక్కలా ఉన్నప్పుడే ఈయన చెప్పేసేవాడు. అమ్మకు సూదిలో దారం ఎక్కించి ఇచ్చేది కూడా ఆయనే. వాళ్ళ లెక్కలో మంచి కన్నంటే దూరపు బోర్డు చదివే కన్ను, అంతకుమించి పరీక్ష లేదు. కళ్ళ డాక్టరు దగ్గరికి పోవడం ముసలివాళ్ళు పొద్దుపోక చేసే పని అనేవాడు. మేమూ నమ్మాము.

ఇదంతా తెలంగాణ కోసం బస్సులన్నీ ఆగిపోయిన సమ్మెలో మొదలైంది. వారం అనుకున్నది నెల కావచ్చింది. నాయిన పొద్దున్నే ఎల్బీనగర్ చౌరస్తాలో టెంటు కింద కూర్చుని, అక్కడే రోడ్డు మీద వండిన అన్నం తిని, మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేవాడు. ఆ ఏడు బతుకమ్మ కూడా రోడ్డు మీదే ఆడాము. నేను ఇంజనీరింగ్ రెండో ఏడు, కాలేజీ మూతపడింది. చదువు కోసమని కొన్న కంప్యూటర్‌లో క్లాస్‌మేట్ ఒకతె ఒక గేమ్ ఎక్కించి ఇచ్చింది. అందులో ఒక పెద్ద రాజ్యం, అడవులు, పాడుబడ్డ కోటలు, పైన ఎగిరే రాక్షస పక్షులు. ఎక్కడో ఉత్తరాన కొండల వెనక ఒక పట్నం. ఆ పట్నం బురుజులు ఆట మొదలుపెట్టిన చోటు నుంచే కనిపిస్తాయి, చేరడానికి మాత్రం రోజులు పడతాయి. "ఒగలు రోడ్డు మీద కూసుంటరు, ఒగలు డబ్బ ముంగట కూసుంటరు. నా వంటింటికే సమ్మె లేదు" అని అమ్మ సణిగేది.

ఒక మధ్యాహ్నం నాయిన నా వెనక నిలబడి చాలాసేపు చూసి, "గా గుర్రాన్ని గట్ల అడ్డదిడ్డం తోల్తవేంది? రోడ్డు ఉన్నది కద" అన్నాడు. అయితే నువ్వే తోలు అని లేచాను. అట్లా మొదలైంది. మౌస్ పట్టుకోవడం రెండు రోజుల్లో వచ్చేసింది, కానీ ఆయన ఆడిన తీరులో ఆ ఆటను ప్రపంచంలో ఎవరూ ఆడి ఉండరు. రోడ్డు దిగేవాడు కాదు. ఎడమ అంచునే పోయేవాడు. ప్రతి ఊరి ముందర గుర్రాన్ని ఆపి, కాసేపు నిలిపి, మళ్ళీ కదిలేవాడు. ఆ ఆటలో ఒకసారి చూసిన ఊరికి మ్యాపు మీద నొక్కి ఎగిరిపోవచ్చని నేర్పబోతే నావైపు జాలిగా చూశాడు. "నడుమ ఊర్లోళ్ళు ఏం గావాలె మరి" అన్నాడు. రాజును ఎవరు చంపారో, కత్తి ఎక్కడ దొరుకుతుందో ఆయనకు అక్కర్లేదు. మూడో ఊళ్ళో ఒక ముసలామె, ఆటలోని మనిషే, తనను ఉత్తరాన ఉన్న పట్నంలో కూతురి దగ్గర దించమని అడిగింది. నాయిన వెంటనే ఒప్పుకున్నాడు. మిగతావాళ్ళకు అదొక చిన్న పని, పది నిమిషాలకే విసుగొచ్చి వదిలేసేది. నాయినకు ఆమె ప్యాసింజర్. ఆమె వెనకబడితే ఆగేవాడు. సమ్మె అయిపోయేలోపు ఆమెను పట్నం చేర్చాలని లెక్క వేసుకున్నాడు.

రెండు వారాలకు ఆరు ఊళ్ళు దాటాము. నేను పక్కన స్టూలు మీద కూర్చుని నవ్వుతూ ఉండేదాన్ని, ఎందుకంటే తోడేళ్ళు ఆయనను ప్రతిసారీ ఎడమ వైపు నుంచే పట్టుకునేవి. "గీ ఆటల మోసమున్నది. చెప్పకుంట ఒస్తయ్" అని తిట్టుకునేవాడు. చెప్పకుండా ఏమీ కాదు, పొదల్లోంచి నేను చూస్తుండగానే అవి పరుగెత్తుకుని వచ్చేవి. తెర కింద ఎడమ మూలలో ఒక ఎర్ర గీత ఉంటుంది, మనలో ఎంత ప్రాణం మిగిలిందో చూపిస్తుంది. అది తరిగి తరిగి అయిపోతున్నా ఆయన గుర్రం తోలుతూనే ఉండి, పడిపోయాక ఆశ్చర్యపోయేవాడు. "నేను బతికున్ననా లేదా నువ్వు జెప్తుండు బిడ్డ" అనేవాడు. నేను దాన్ని కూడా హాస్యం అనుకున్నాను. ఇది రాస్తుంటే నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది. కన్నబిడ్డనై ఉండి, అన్ని రోజులు పక్కనే కూర్చుని, నవ్వాను.

ఒక వంతెన దగ్గర ముసలామె నీళ్ళలో పడబోతూ పిలిచింది. నాయిన విన్నాడు. "ఏడున్నది, ఏడున్నది" అని మొత్తం మెడ తిప్పి, ముఖం తెరకు పక్కగా పెట్టి వెతికాడు. ఆమె ఎడమ వైపు, ఎర్ర శాలువాలో, వంతెన అంచు పట్టుకుని చెయ్యి ఊపుతోంది. అప్పుడు నాకు నవ్వు రాలేదు. అదే సమయానికి రోజూ లాగే కరెంటు పోయింది. కిటికీ వెలుగులో ఆయనను కదలకుండా కూర్చోబెట్టి, నేరుగా ముందుకు చూడమని చెప్పి, నా వేలును ఆయన ఎడమ చెవి పక్క నుంచి మెల్లగా ముందుకు తెచ్చాను. చెవి దాటింది, చెంప దాటింది, కన్ను దాటింది. ముక్కు ఎదురుగా వచ్చాక, "ఆ, గిప్పుడు గనబడ్డది" అన్నాడు. నా ముఖం చూసి, తనే తన వేలుతో ఇంకోసారి చేసి చూసుకున్నాడు. ఆ తర్వాత రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కరెంటు వచ్చినా కంప్యూటర్ పెట్టమనలేదు.

దవాఖానలో గడ్డం ఒక గిన్నె లాంటి మిషన్‌కు ఆనించి, చేతికి బటన్ ఇచ్చి, వెలుగు చుక్క కనబడినప్పుడల్లా నొక్కమన్నారు. నాయిన ఎంతో శ్రద్ధగా కూర్చున్నాడు. గదిలో బటన్ టిక్కుమనే చప్పుడు చాలా తక్కువసార్లు వినిపించింది. గోడ మీది అక్షరాలను మాత్రం చివరి వరస దాకా గడగడా చదివి డాక్టరమ్మ వైపు గర్వంగా చూశాడు. ఆమె కోస్తా మనిషి, మెత్తగా మాట్లాడేది. "ఎదురు చూపు బావుందండీ, అది ఆఖర్న పోతుంది. పక్క చూపు ముందు పోతుంది. వీటిని నీటికాసులంటారు, గ్లకోమా" అంది. ఎడమ కన్ను చాలావరకు పోయింది, కుడి కంటిలో కూడా ముక్కు వైపు సగం, అంటే అదీ ఎడమ పక్కే, పోయింది. పోయింది తిరిగి రాదు, మిగిలినదాన్ని చుక్కల మందుతో ఎంతకాలం ఆపగలిగితే అంతకాలం. బస్సు తోలవచ్చా అని నాయిన అడగలేదు. నేను అడిగాను. ఆమె ఆయన ఖాకీ ప్యాంటు వైపు చూసి, "వద్దండీ. ఇవాళ్టి నుంచే వద్దు" అంది.

ఆటోలో వస్తూ నాయిన ఒకటే మాట అన్నాడు. "అమ్మకు జెప్పకు. సమ్మె అయినంక జూద్దాం. ఇంకా పదకొండేండ్ల సర్వీసున్నది." నేను సరే అన్నాను. ఆ 'సరే' ఎంత పెద్దదో మర్నాడు తెలిసింది. నాయిన బస్సులో తొమ్మిదేళ్ళుగా కండక్టర్ ఒకాయనే. చుట్టం కాకపోయినా నేను చిన్నాయిన అనే పిలిచేదాన్ని. ఆయన టెంటు నుంచి నాయినతో ఇంటికి వచ్చి, నాయిన కాళ్ళు కడుక్కోవడానికి వెనక్కి పోగానే, నా చేతిలోని కాగితాలు చూసి గొంతు తగ్గించాడు. "ఏడాదిన్నర సంది నాకు ఎరుకే బిడ్డా. రద్దీల నేను ముందల డోర్ కాడ నిలబడి బస్సును కొడ్త. రెండుసార్లు కొడ్తె ఎడమకు మనిషున్నట్టు. అన్న ఆపుతడు. వయసుకు అయితదిలే అనుకున్న." టికెట్లు కొడుతూ ఆయన వెనక ఉన్నప్పుడో, సెలవు పెట్టి వేరే కండక్టర్ వచ్చిన రోజునో ఏమయ్యేదని అడిగాను. దిల్‌సుఖ్‌నగర్ స్టాపులో కాలేజీ పిల్లలం బస్సు ఆగకముందే ఎడమ వైపు నుంచే కదా పరుగెత్తి ఎక్కేది. నేను ఎన్నోసార్లు అట్లా ఎక్కాను.

సమ్మె విరమించే మాటలు మొదలయ్యాయి. నాయిన మళ్ళీ ఆటలో కూర్చున్నాడు, కానీ ఈసారి పట్నం చేరడానికి కాదు. మెడను ఎంత తరచుగా తిప్పితే ఎడమ వైపు దొరుకుతుందో సాధన చేస్తున్నాడు. తిప్పి చూడటం, ముందుకు చూడటం, మళ్ళీ తిప్పడం. గుర్రాన్ని సంతలో జనం మధ్యకు తోలుకుపోయి, ఎవరినీ గుద్దకుండా బయటికి వస్తే నా వైపు తిరిగి, "జూసినవా" అనేవాడు. పదిసార్లలో ఏడుసార్లు వచ్చేవాడు. మిగిలిన మూడుసార్లు ఎవరో ఒకరు కింద పడేవాళ్ళు. పడ్డవాళ్ళు బొమ్మలే, లేచి దులుపుకుని పోయేవాళ్ళు. నేను ఆ మూడింటినే లెక్కపెట్టాను. ఒక పొద్దున ఆయన టెంటుకు పోయాక, దవాఖాన కాగితాలు చున్నీ కింద పెట్టుకుని డిపోకు నడిచాను. మేనేజర్ మంచిగానే కూర్చోమన్నాడు. కాగితాలు టేబుల్ మీద పెట్టి, మా నాయిన పేరు చెప్పి, ఏడ్వకుండా మాట్లాడాలని ఎంత అనుకున్నా కాలేదు.

బస్సులు తిరిగి కదిలిన రోజు నాయిన ఇస్త్రీ ఖాకీ వేసుకుని, అమ్మతో నుదుట బొట్టు పెట్టించుకుని పోయాడు. గంటలో తిరిగి వచ్చాడు. ఏమైందని అమ్మ అడిగితే, "కండ్లు" అని ఒక్కమాట చెప్పాడు. నన్ను ఏమీ అడగలేదు. డిపోలో కూర్చుని చేసే పని ఏదో ఇచ్చారు. ఎనిమిది రోజులు నాతో మాట్లాడలేదు. ఆయన తిట్టినా బాగుండేదనుకున్నాను, కొట్టినా బాగుండేదనుకున్నాను. తొమ్మిదో రోజు డిపో నుంచి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుని, "రా, కూసో. ముసలామె ఎదురుజూస్తున్నది" అన్నాడు. అంతే. క్షమించాడా, అలసిపోయాడా అన్నది నాకు ఈ రోజుకూ తెలియదు.

ఆ తర్వాత నేనే ఎడమ వైపు కూర్చుని ఉన్నవన్నీ చెప్పేదాన్ని. చుక్కల మందు వేళ తప్పకుండా వేశాము, అయినా చూపు తరుగుతూనే పోయింది. ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఆ పట్నం చేరాము. కోట గోడ, దాని మీద వందల బురుజులు, వెనక సముద్రం, తెర పట్టనంత ఊరు. నాయిన తెరకు దగ్గరగా వంగి ఒక కిటికీ చూశాడు, కాసేపటికి ఇంకో కిటికీ చూశాడు. అప్పటికి ఆయన చూపుకు ఒకసారికి అంతే పట్టేది. "గింతేనా. ఇంత దూరం ఒస్తే పట్నం చిన్నగనే ఉన్నది" అన్నాడు. ముసలామెను కూతురి గడప ముందు దించి, మౌస్ పక్కన పెట్టి లేచాడు. మళ్ళీ ఎప్పుడూ ఆడలేదు.

రాష్ట్రం వచ్చిన రోజు ఎల్బీనగర్ చౌరస్తా అంతా గులాల్, పటాకులు. నాయిన పోదామంటే చెయ్యి పట్టుకుని తీసుకుపోయాను. పూలదండలు కట్టిన బస్సొకటి వచ్చి ఆగింది. తోలేది ఆయనతో సమ్మెలో కూర్చున్న మనిషే. నాయినను గుర్తుపట్టి, చెయ్యందించి పైకెక్కించి, ఇంజన్ ఆపి, తన సీట్లో కూర్చోబెట్టాడు. కిందున్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. నాయిన స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి, నడుం నిటారుగా చేసి, నవ్వు ముఖంతో అందరికీ కనబడేలా కూర్చున్నాడు. కాసేపటికి ఆ నవ్వు చెదరనీయకుండానే, కిటికీ కింద నిలబడ్డ నాకు మాత్రమే వినిపించేలా, "బిడ్డా, అద్దం ఏ దిక్కున్నది" అని అడిగాడు. నేను ఆయన చెయ్యి పట్టి అద్దం మీద పెట్టాను. దాన్ని సరిచేస్తున్నట్టు కొంచెం అటూ ఇటూ తిప్పాడు, జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. అంతమంది ఏళ్ళ తరబడి రోడ్డు మీద కూర్చుని ఎదురుచూసిన రోజు చివరికి వచ్చింది. మా నాయిన కళ్ళు మాత్రం అప్పటిదాకా ఆగలేకపోయాయి.