వీరమ్మ కాదన్న మాచిపత్రి

వీరమ్మకి చదువు రాదు. మండపేట దగ్గర మా ఊళ్ళో కలుపు తీయడానికి ఆవిడని మించిన మనిషి లేదు. కాడని వేళ్ళ మధ్య తిప్పితే చాలు, మొక్కేదో చూడకుండానే చెప్పేసేది. మూడు పలకలుగా తగిలితే తుంగ, గుండ్రంగా జారితే గడ్డి. నోరు పక్కమనిషితో పెళ్ళి కబుర్లు చెబుతుంటే చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి.

అలాంటి చేతులు తొంభై ఆరు వర్షాకాలంలో ఒక మొక్క దగ్గర ఆగాయి. అది జగన్నాథరావు మాస్టారి పెరట్లో.

మాస్టారు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆ తర్వాత ఆయనకి మొక్కల మీద ప్రేమ పుట్టింది. ప్రేమే గానీ పరిచయం తక్కువ. జూన్ నెలాఖరులో బియ్యం మిల్లు పక్కన, లారీలు ఆగే చోట, క్యారెట్ ఆకులా చీలికలు చీలికలుగా ఉన్న మొక్కలు ఆయన కంట్లో పడ్డాయి. వినాయక చవితి పుస్తకంలో ఉన్న మాచిపత్రి బొమ్మ గుర్తొచ్చింది. ఇరవై మొక్కలు వేళ్ళతో సహా తవ్వి, తడిగోనెలో చుట్టి సైకిలు మీద తెచ్చి, పెరట్లో వరసగా నాటారు. చుట్టూ కంప కట్టారు. ఈ చవితికి వీధిలో ఎవరూ మాచిపత్రి కొనక్కర్లేదని ఇంటింటికీ చెప్పి మరీ వచ్చారు.

ఆగస్టులో పెరడు బాగుచెయ్యమని వీరమ్మని పిలిచారు. వీరమ్మ కంపలోకి చెయ్యి పెట్టి రెండు మొక్కలు పీకేసింది.

"ఆగు వీరమ్మా! అది మాచిపత్రి!"

వీరమ్మ ఆకు తిరగేసింది. నలిపి వాసన చూసింది. కాడని వేళ్ళ మధ్య తిప్పింది.

"కాదండి మాస్టారండీ. మాచిపత్రాకు అడుగున బూడిద రాసినట్టు తెల్లగా ఉంటదండి. దీనికి రెండేపులా ఒకటే పచ్చ. నలిపితే గుమ్మని వాసన రావాలండి, ఇది పచ్చిగడ్డి కంపు కొడతంది. కాడ చూడండి, పొడుగునా గీతలు గీసినట్టు గాళ్ళు, పైన నూగు."

"మరైతే ఏంటిది?"

"తెల్దండి. దీన్ని నేనెప్పుడూ చూళ్ళేదండి."

మాస్టారికి పట్టు దొరికింది. "అదేంటో తెలీనప్పుడు, మాచిపత్రి కాదని ఎలా చెప్తావు?"

వీరమ్మ కాస్త ఆలోచించింది. "మీ అరుగు మీద ఎవరో కొత్తాయన కూచున్నాడనుకోండి. ఆయనెవరో నాకు తెల్దండి. మీరు కాదని మాత్రం తెలుస్తది కదండీ."

వంటింట్లోంచి మాస్టారి భార్య సత్యకుమారి గారి నవ్వు వినిపించింది. మాస్టారు ఆ పూటకి పని చాలించమన్నారు.

అప్పటికే ఆయన చేతుల మీద ఎర్రటి దద్దుర్లు లేచాయి. రోజూ ఆ మొక్కల్ని నిమిరి, ఎండాకులు గిల్లేది ఆయనే. ముందు దోమలన్నారు. తర్వాత సబ్బన్నారు. చివరికి వంకాయ పడటం లేదని తేల్చి, ఇంట్లో వంకాయ వండొద్దన్నారు. సత్యకుమారి గారికి వంకాయంటే ప్రాణం. పళ్ళు బిగబట్టి ఊరుకున్నారు.

చవితికి ముందురోజు మాస్టారు ఆకులు కోసి వీధరుగు మీద కట్టలు కడుతుంటే వీరమ్మ వచ్చింది. మండపేట బజార్లో కొన్న అసలు మాచిపత్రి రెమ్మ ఆయన ముందు పెట్టి, "రెండూ వాసన చూడండి" అంది.

మాస్టారు మొదట బజారుది చూశారు. తర్వాత తనది చూసి ఆరుసార్లు తుమ్మారు.

"ఇది వేరే రకం మాచిపత్రి" అన్నారు ముక్కు తుడుచుకుంటూ.

సరిగ్గా అప్పుడే వ్యవసాయ అధికారి ఉదయభాస్కర్ మోపెడ్ మీద అటు పోతూ ఆగాడు. కట్టలు చూసి కంగారుపడ్డాడు.

"ఏంటండీ మాస్టారూ, వయ్యారిభామని పెంచుతున్నారా? ఇది లారీల్లో సరుకుతోపాటు వచ్చే కలుపండి! ముట్టుకుంటే దురదలు, పుప్పొడి పీలిస్తే ఆయాసం."

సత్యకుమారి గారు గుమ్మంలోకి వచ్చారు. "అయితే నాచేత వంకాయ మాన్పించి, మీరు పెరట్లో వయ్యారిభామకి కంచె కట్టి, నీళ్ళు పోసి, నిమురుతున్నారన్నమాట!"

మాస్టారు రెండు చేతులూ గోక్కున్నారు.

వీరమ్మ ముక్కుకి గుడ్డ కట్టుకుని, చేతులకి ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని, విత్తనం రాలకముందే అన్నిటినీ వేళ్ళతో సహా పెరికేసింది. ఆ పేరు ఉదయభాస్కర్ చేత మూడుసార్లు చెప్పించుకుంది. తను చూడని మొక్క ఒకటి ఇంకా ఉండటం ఆవిడకి కాస్త అవమానంగానే ఉంది. చవితి వెళ్ళిన మర్నాడు చేలో ఆడవాళ్ళందరికీ ఆకు, కాడ గుర్తులు చెప్పి అప్పజెప్పించుకుంది.

దద్దుర్లు తగ్గాక మాస్టారు గొడుగు, నోటుబుక్కు పట్టుకుని చేనికొచ్చారు. అచ్చం వరిలాగే ఉండే ఊద కలుపుని ఎలా గుర్తుపట్టాలో చెప్పమన్నారు.

"ఆకు కాడని చుట్టుకున్న చోట వరికి చిన్న తెల్లపొర ఉంటదండి. ఊదకి ఉండదండి, ఆయ్" అంది వీరమ్మ.

మాస్టారు శ్రద్ధగా రాసుకుని చేలో దిగారు. గంటసేపు పీకాక వీరమ్మ ఆయన గుప్పిట విప్పి చూసింది. సగం వరే.

"ఎండెక్కిందండి, గట్టు మీద కూచోండి" అందావిడ మర్యాదగా.

మాస్టారు గట్టెక్కి, జేబులోంచి పేపరు తీసి అందరికీ వినిపించేలా చదవడం మొదలుపెట్టారు. చేలో చెయ్యి పెట్టకపోతే రోజూ రావచ్చని ఆడవాళ్ళందరూ ఒప్పుకున్నారు.