ఎనిడ్ కొలతకు కోసిన కంత

మెర్విన్ నా తమ్ముడు. అయినా వాణ్ని వెనకేసుకు రావడానికి నాకు నోరు రాదు. ఆస్ట్రేలియాలోని మా బల్లారట్‌లో ఎన్నో చెక్క ఇళ్ల కింద పాకింది మా మరదలు ఎనిడ్ అయితే, పేరు మాత్రం మెర్విన్‌ది. "మెర్విన్ వచ్చి నేల సరిచేశాడు" అంటారు అందరూ. వాడు వచ్చే మాట నిజమే. రంపం పట్టుకుని వస్తాడు, కబుర్లు చెబుతాడు, పెట్టిందల్లా తింటాడు.

మా ఊళ్లో పాత ఇళ్లన్నీ కొయ్య మొద్దుల మీద నిలబడి ఉంటాయి. మొద్దు పుచ్చిందంటే గదిలో నేల ఒక పక్కకు ఒరుగుతుంది, వేసిన తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. ఏ మొద్దు పుచ్చిందో చూడాలంటే నేల కిందకి మనిషి దిగాలి. బయటి నుంచి దూరే దారి ఉండదు కాబట్టి పడకగదిలో గోడ బీరువా అడుగున కంత కోస్తారు; అక్కడైతే చెప్పుల వెనక ఎవరికీ కనబడదు. కోసిన చెక్కలతోనే దానికి మూత చేస్తారు. ఇందులో మెర్విన్‌కు ఒక పద్ధతి ఉంది. ఎనిడ్‌ను బీరువాలో పడుకోబెట్టి, ఆమె భుజాల చుట్టూ పెన్సిలుతో గీత గీస్తాడు. ఆ గీత మీదే కోత. "ఇంత చిన్న కంత ఊళ్లో ఇంకెవడు కోస్తాడో చూపించండి!" అని గొప్పలు. ఆ కంతలో తను పట్టడని వాడికి బాగా తెలుసు.

ఎనిడ్ పెళ్లికి ముందు టోపీల దుకాణంలో పనిచేసేది. శుభ్రమంటే ప్రాణం. పెళ్లయిన కొత్తలో, కిందకి దిగే కుర్రాడు మానేస్తే "ఈ ఒక్కసారికి దిగవే" అన్నాడు మెర్విన్. ఆ ఒక్కసారి ఇంకా అవుతూనే ఉంది. ఆదివారం మా ఇంటికి భోజనానికి వస్తే, నేను పుడ్డింగ్ వడ్డించబోయేసరికి వాడు ఆమె గిన్నె పక్కకు జరిపేవాడు. "దానికొద్దులే అక్కా, రేపు ఇరుకు చోట పని." ఎనిడ్ చెంచా కింద పెట్టేసేది. నాకు ఒళ్లు మండిపోయేది.

ఆ జులై చలిలో నా స్నేహితురాలు థెల్మా ఇంట్లో పని పడింది. నేనూ అక్కడే ఉన్నాను. ఎనిడ్ దిగిందో లేదో కంతలోంచి గాలి కొట్టి పడకగది గడ్డకట్టుకుపోయింది.

"కాసేపు మూత వేసెయ్యనా మెర్విన్? మోకాళ్లు పట్టేస్తున్నాయి," అంది థెల్మా.

"వేసెయ్యమ్మా. అది ఇప్పట్లో రాదు."

ఆమె మూత వేసి, గాలికి లేవకుండా దుప్పట్ల పెట్టె దానిమీదికి లాగింది. ముగ్గురం వంటింట్లో టీ, జామ్ రాసిన స్కోను రొట్టెలు ముందేసుకుని కూర్చున్నాం. మెర్విన్ ఫుట్‌బాల్ కబుర్లు మొదలుపెట్టాడు. ఇక ఆపడం వాడి వల్ల కాదు.

కాళ్ల కింద టకటకమని చప్పుడైంది.

"మళ్లీ వచ్చింది దిక్కుమాలిన పాసమ్! దీని గోకుడుతో రాత్రి కంటిమీద కునుకు లేదు," అని థెల్మా మడమతో నేలను దబదబా బాదింది. మా ఊళ్లో నేల కింద ఏం కదిలినా అనుమానం ఆ బొచ్చుతోక జంతువు మీదికే పోతుంది.

మెర్విన్ నోటి నిండా స్కోను పెట్టుకుని నవ్వాడు. "ఔనమ్మా, బాగా బలిసినట్టుంది."

మళ్లీ చప్పుడు, ఈసారి గట్టిగా. థెల్మా మళ్లీ బాదింది. తర్వాత ఇంకేమీ వినబడలేదు. అప్పుడు తట్టింది నాకు.

"ఒరేయ్, కింద ఎనిడ్ ఉంది కదరా!"

వాడు మరిచిపోయాడో, తెలిసే ఆ మాట అన్నాడో నాకు ఇప్పటికీ తెలీదు. ఏదైనా సరే, క్షమించడం నా వల్ల కాదు.

పరుగున వెళ్లి పెట్టె లాగి మూత తీశాం. కంత దగ్గర ఎనిడ్ లేదు. టార్చి వేసి చూస్తే ఆ చివర, మొద్దుల మధ్య, ముఖం అటు తిప్పుకుని పడుకుని ఉంది.

"రావే బయటికి. టీ చల్లారిపోతోంది," అన్నాడు మెర్విన్.

"రాను."

"ఏమిటీ వేషాలు? థెల్మా చూస్తోంది."

"చూడనివ్వండి. చీకట్లో ఊపిరాడక కొట్టుకుంటుంటే నెత్తిమీద తన్నారు. ఇంక నన్ను ఏ ఇంటి కిందకీ దింపనని చెప్పండి, వస్తాను."

మెర్విన్ నవ్వాడు. తర్వాత కేకలేశాడు. ఆఖరికి తనే దిగబోయి పొట్ట దగ్గర ఇరుక్కుంటే, నేనూ థెల్మా చెరో చెయ్యి పట్టుకుని లాగాం. సాయంత్రమైంది, చలి ముదిరింది. కింద ఆమె పళ్లు కొట్టుకోవడం పైకి వినిపిస్తోంది. అప్పుడు వాడు బోర్లా పడుకుని, కంతలో తల పెట్టి బతిమాలాడు.

"దింపను. మా అక్క మీద ఒట్టు."

ఎనిడ్ పాక్కుంటూ వచ్చింది. ఆమె జుట్టులో సాలెగూడు దులుపుతూ నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు.

సోమవారం నేను రొట్టెల దుకాణానికి పోతుంటే, మాకు తెలిసినవాళ్ల ఇంటి ముందు మెర్విన్ వ్యాన్ కనబడింది. లోపలికి వెళ్లాను. వంటింట్లోంచి వాడి గొంతు ఖంగుమంటోంది. పడకగదిలో ఎనిడ్ కంతలోకి కాళ్లు వేలాడేసుకుని కూర్చుని ఉంది.

"నా మీద ఒట్టేశాడే వాడు!" అన్నాను.

"ఇది ముందే కోసేశారట వదినా. నా కొలత ఆయనకి కంఠతా వచ్చుగా. ఇందులో ఇంకెవరు పడతారు?"

"లేవే. మా ఇంటికి పోదాం పద."

ఆమె తల అడ్డంగా ఊపింది.

"కింద ఉన్నంతసేపే నా మాట చెల్లింది వదినా. నేనే పైకి రాకుండా ఉండాల్సింది," అని చేతులు పైకెత్తి, లోపలికి జారింది.